పెళ్ళికొడుకు గాలించిన బంగారం

అండమాన్‌లో బంగారం లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని ఓడెక్కేస్తారు. మా సేఠ్‌కి కూడా చెప్పాం. వినలేదు.

సేఠ్ అంటే నిజం సేఠ్ కాదు. బతు బస్తీలో మొబైల్ రీచార్జి కొట్టు ఉంది, కొట్లో తిరిగే కుర్చీ ఉంది, ఆ కుర్చీ వల్ల ఆ పేరొచ్చింది. వాళ్ళ మావయ్యకి మాయాబందర్ దగ్గర సుపారీ తోట ఉంది. తోట మధ్యలోంచి చిన్న వాగు పారుతుంది, అక్కడ దాన్ని నాలా అంటారు. పోయిన సెలవుల్లో అందులో స్నానం చేస్తుంటే ఇసుకలో ఏదో మెరిసిందట. ఇసుక మెరిస్తే మామూలు మనిషి ఎండొచ్చిందనుకుంటాడు. సేఠ్ మాత్రం ఇంటికొచ్చి, ఏటి ఇసుకలోంచి బంగారం ఎలా తీస్తారో వీడియోలు వెతికాడు. మా దగ్గర నెట్ సంగతి తెలిసిందే. వీడియో సగందాకా వచ్చి, అక్కడ గుండ్రంగా తిరుగుతూ కూర్చునేది. ఆ సగంతోనే మమ్మల్ని బయల్దేరదీశాడు.

మేం నలుగురం. సేఠ్, నేను, ప్రోతరాపూర్‌లో మా పక్కింటివాడు, వాడి అక్క. పక్కింటివాడు జెట్టీలో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. అప్పటికి కొత్తగా నిశ్చితార్థం అయింది, అందుకని ఉన్న పేరు పోయి పెళ్ళికొడుకు అన్న పేరొకటే మిగిలింది. వాడి అక్క స్కూల్లో సైన్సు టీచరు. వాడికే కాదు, మా అందరికీ దీదీయే. మాతో సరదాకి రాలేదు, డ్యూటీ మీద వచ్చింది. పెళ్ళికూతురి వాళ్ళది మాయాబందరే. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో పెళ్ళికొడుక్కి భోజనం. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ దీదీకి ఒకే మాట చెప్పి పంపింది: "వాడు ఎలాగూ వెళ్తాడు. ఉంగరం కూడా వెళ్ళాలి."

ఉంగరం గురించి అంత జాగ్రత్త ఎందుకంటే, అది పెళ్ళికూతురి అమ్మమ్మ చెవి కమ్మలు కరిగించి చేయించినది. ఆవిడకి చూపు బాగా తగ్గింది. మనిషిని చెయ్యి పట్టుకుని, వేళ్ళు తడిమి గుర్తుపడుతుంది. నిశ్చితార్థం రోజున వీడి వేలు తడిమి, "ఇయ్యి నా సెవులు బావూ, జాగర్త" అందట. అప్పట్నుంచీ మావాడు ఆ వేలిని ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకున్నట్టు పెట్టుకుని తిరిగేవాడు. ఇంజన్ విప్పేటప్పుడు మాత్రం తీసి చొక్కా జేబులో వేసి, జేబుకి పిన్నీసు పెట్టేవాడు.

శుక్రవారం సెలవు కలిసొచ్చింది. తెల్లారకముందే బస్సెక్కి, అడవి దాటించే పోలీసు కాన్వాయ్ కోసం ఆగి, ఓడలో బస్సుతో సహా సముద్రపు క్రీక్ దాటి, నడుములు విరిగాక తోటకి చేరాం. నాలా ఒడ్డున చెట్టుకీ చెట్టుకీ మధ్య బోటు మీద కప్పే నీలం టార్పాలిన్ కట్టి, దాన్ని క్యాంపు అన్నాం. సేఠ్ పొయ్యి పేర్చి, "ఇక మనకీ లోకానికీ సంబంధం లేదు" అన్నాడు. అనగానే ఆ లోకం నుంచి వాళ్ళత్తయ్య టీ, పకోడీలు పట్టుకొచ్చింది. మావయ్య ఇల్లు ఎంత దూరమంటే, అక్కడ టీవీలో ఏ సీరియల్ వస్తోందో ఇక్కణ్ణుంచి చెప్పొచ్చు.

"మొసళ్ళు వస్తాయా మావయ్యా?" అని అడిగాడు పెళ్ళికొడుకు.

"మొసలికి ఇక్కడ పొట్ట కూడా తడవదు. నువ్వు పడుకో" అన్నాడాయన.

శనివారం పొద్దున పని మొదలైంది. బంగారం గాలించే పళ్ళెం సేఠ్ ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాడు గానీ అది ఇంకా ఓడలో ఉంది. అది వచ్చేలోగా బంగారం అయిపోతుందేమోనని సేఠ్ భయం. కాబట్టి అత్తయ్య దగ్గర బియ్యం కడిగే సత్తు గిన్నె అడిగి తెచ్చాం. బియ్యం గిన్నె రాగానే అది ఎవరి చేతికి వెళ్ళాలో చర్చ లేకుండా తేలిపోయింది. పెళ్ళికొడుకు చిన్నప్పట్నుంచీ నాన్నతో బోటెక్కినవాడు. బోటు మీద వంట వాడిదే. అప్పట్లో రేషన్ బియ్యంలో బియ్యం కూడా ఉండేవి, మిగతావి రాళ్ళు. ఊగే బోటులో కూర్చుని, ఆ రాళ్ళు పంటికి తగలకుండా గాలించిన చెయ్యి వాడిది.

వాడు నాలాలో రాయి మీద కూర్చుని గిన్నెలో ఇసుకా నీళ్ళూ పోసి తిప్పుతుంటే, నిజం చెప్పాలి, చూడముచ్చటగా ఉంది. నీళ్ళు గుండ్రంగా లేచేవి, ఇసుక వాటితో పాటు లేచేది, గిన్నె అంచు మీదుగా సన్నగా జారి పక్కనున్న బకెట్లో పడేది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తిప్పడం. బకెట్ దగ్గర సేఠ్ కూర్చున్నాడు. మూతికి రుమాలు కట్టుకుని, ఫోన్ టార్చి వేసి, పిడికెడు పిడికెడు ఇసుక అరచేతిలో పరిచి చూశాడు. ఒకటి రెండుసార్లు "మిల్ గయా, దొరికింది" అన్నాడు. దీదీ వెళ్ళి చూసి "అభ్రకం" అని వచ్చేసింది. మూడోసారి లేవకుండానే "అభ్రకం" అంది.

నాకిచ్చిన పని ఇసుక తవ్వి అందించడం. అందించాను. అన్నం తిని మళ్ళీ అందించాను. ఎండ సుపారీ చెట్ల వెనక్కి వాలేసరికి బకెట్లన్నీ నిండాయి, సేఠ్ మొహంలో మాత్రం ఏమీ లేదు.

"బంగారం అంత తేలిగ్గా కనిపించదు. మనల్ని పరీక్షిస్తుంది" అన్నాడు.

"అది పరీక్షించడం ఏంటి, మనమే పరీక్షిద్దాం" అంది దీదీ. ఆవిడకి పరీక్ష అన్న మాట వింటే చాలు. "మన పద్ధతి పనిచేస్తోందో లేదో తెలియాలంటే, బంగారం ఉందని తెలిసిన ఇసుక గాలించి చూడాలి. సీధీ బాత్."

"బంగారం ఉన్న ఇసుక ఎక్కణ్ణుంచి తెస్తాం దీదీ?" అన్నాను.

అందరం పెళ్ళికొడుకు వేలు చూశాం. వాడూ చూసుకున్నాడు.

"నో. నై. కుదరదు" అన్నాడు.

"అరే యార్, గిన్నెలోంచి ఎక్కడికి పోతుంది? నీ చేతిలోనే ఉంటుంది కదా" అన్నాడు సేఠ్.

ఆ మాట నాకూ సమంజసంగానే అనిపించింది. దీదీ తనే ఉంగరం తీసి గిన్నెలో వేసి, పైన ఇసుక పోసి, బాగా కలిపింది. "చూడు తమ్ముడూ. పొద్దున్నుంచీ ఎలా చేశావో అలాగే చెయ్యి. ఉంగరం ఉంది కదాని ఏమీ మార్చకు. మారిస్తే పరీక్ష కాదు."

వాడు బుద్ధిమంతుడు, ఏమీ మార్చలేదు. తిప్పాడు, వంచాడు, నీళ్ళు పోశాడు, తిప్పాడు. మేం ముగ్గురం బకెట్ మీదికి వంగి ఉంగరం కోసం చూస్తున్నాం. పైన ఇసుకంతా అందంగా బకెట్లోకి వచ్చేసింది. గిన్నె అడుగున పిడికెడు నల్ల ఇసుక మిగిలింది. మావాడి చెయ్యి ఆ గిన్నెని ఎడమ భుజం మీదుగా ఒక్క విదిలింపు విదిలించింది. వెనక నీటి గుంటలో బుడుంగుమని చప్పుడు.

దీదీ గిన్నె అందుకుని లోపల చూసింది, ఖాళీ.

"ఇప్పుడు నీ చెయ్యి ఏం చేసింది?" అని అడిగింది దీదీ, క్లాసులో అడిగినట్టు.

"రాళ్ళు పారబోసింది" అన్నాడు.

"పొద్దున్నుంచీ?"

"ఆఁ. అడుగున రాళ్ళే కదా ఉంటాయి."

పరీక్ష నెగ్గింది. బంగారం అంటూ ఉంటే మేం దాన్ని పొద్దున్నుంచీ ఎక్కడ పారేస్తున్నామో స్పష్టంగా తేలింది. బియ్యం గాలిస్తే పైది ఉంచుకుని అడుగుది పారేస్తాం, బంగారానికి అది తిరగబడుతుంది. ఇదంతా వీడియో రెండో సగంలో ఉండి ఉంటుంది.

పెళ్ళికొడుకు గుంటలో మోకాళ్ళ మీద కూలబడి చేతులతో కెలకబోయాడు. దీదీ చెవి పట్టుకుని లేపింది. "కెలికితే కిందికి దిగిపోతుంది. చీకటి పడుతోంది. ఏదీ ముట్టుకోకండి." గుంటలోంచి నీళ్ళు బయటికి పోయే సందు దగ్గర దోమతెరలు మడిచి, రాళ్ళు పెట్టి అడ్డం కట్టాం. వాన వచ్చినా ఉంగరం కొట్టుకుపోదు. మేం తెచ్చుకున్న దోమతెరలు అవే. ఉంగరం హాయిగా దోమతెర వేసుకుని పడుకుంది. మేం గోక్కుంటూ కూర్చున్నాం.

"వాళ్ళ అమ్మమ్మకి ఏం చెప్పను?" అన్నాడు పెళ్ళికొడుకు.

"ఆవిడ చెవులు నాలాలో పారబోశానని చెప్పు" అన్నాను. దీదీ నన్ను చూసిన చూపుకి లేచెళ్ళి కట్టెలు తెచ్చాను. ఆ తర్వాత ఎవరికో నవ్వొచ్చింది, ఎవరికని చెప్పలేను. మొదలయ్యాక ఆగలేదు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు, మధ్యలో ఉంగరం గుర్తొచ్చి ఆగేవాడు, మళ్ళీ నవ్వేవాడు.

పొద్దున వెలుగు రాగానే గుంట దగ్గర చేరాం. పెళ్ళికొడుకు గిన్నె ముట్టుకోకూడదని దీదీ ఆర్డరు. ఆ చెయ్యి మీద నమ్మకం పోయింది. గట్టు మీద కూర్చోబెట్టాం. నేను గిన్నె తిప్పి వంచినప్పుడల్లా అక్కడ వాడి మణికట్టు దానంతటదే విదిలించేది. సేఠ్ మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. నిన్నటి అడుగు ఇసుకంతా ఈ గుంటలోనే ఉంది కాబట్టి, అతని లెక్కలో అండమాన్ బంగారం మొత్తం ఇక్కడే పోగుపడింది.

గుంటలో బరువైనవన్నీ దొరికాయి. ఎవరి వలదో సీసం గుండు, తుప్పు పట్టిన గాలం, సోడా మూత, మావయ్య ఎప్పుడో పోగొట్టుకున్న బీగం చెవి. ఎండ ఎక్కుతోంది. పెళ్ళికూతురి దగ్గర్నుంచి ఒకసారి ఫోనొచ్చింది. "బయల్దేరారా?" అని అడిగినట్టుంది. "స్నానం చేస్తున్నా" అన్నాడు పెళ్ళికొడుకు. గట్టు మీదే అయినా నడుం దాకా తడి బురదతో ఉన్నాడు కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

గిన్నె సేఠ్ చేతికి వెళ్ళింది. తిప్పి, పై ఇసుక పోనిచ్చి, అడుగున చూసి, అలాగే ఉండిపోయాడు. మేం "అభ్రకమా?" అని కూడా అడిగాం. నల్ల ఇసుకలోంచి పచ్చటి అంచు కొంచెం బయటికి ఉంది.

"అండమాన్‌లో బంగారం ఉంది" అన్నాడు, మెల్లగా.

"ఉంది. భోజనాల వేళకి మాయాబందర్ పంపించాలి" అన్నాను.

పెళ్ళికొడుకు వచ్చి సేఠ్‌ని కావలించుకున్నాడు. ఇద్దరూ గుంటలో పడ్డారు. గిన్నె పడకుండా దీదీ పట్టుకుంది.

అక్కడితో అయిపోవాలి. కానీ రాత్రంతా దోమలు ఊరుకోలేదు, వాడి ఉంగరం వేలు వాచి అరటికాయలా ఉంది. సబ్బు రాశాం, కొబ్బరినూనె రాశాం. కణుపు దాకా వచ్చి ఉంగరం ఇంక ఎక్కనంది. చివరికి చిటికెన వేలికి తొడిగి, జారకుండా పిడికిలి బిగించమని చెప్పి, మావయ్య జీపులో తీసుకెళ్ళాం. పెళ్ళివారింటికి పిడికిలి బిగించి వెళ్ళే పెళ్ళికొడుకుని నేను చూడటం అదే మొదటిసారి.

అమ్మమ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. చెయ్యి చాపింది. వాడు ఇచ్చాడు. ఆవిడ ఒక్కో వేలూ తడుముతుంటే దీదీ గోడవైపు చూసింది, సేఠ్ తన కాళ్ళవైపు చూసుకున్నాడు. ఆవిడ వేళ్ళు ఉంగరం ఉండాల్సిన చోట ఆగి, పక్కకి జరిగి, దొరికాక మళ్ళీ ఆగాయి.

"ఏటి బావూ, సిటికినేలుకెక్కిందేటి?"

వాడికి అబద్ధం చేతకాదు. మొదట్నుంచీ చెప్పాడు. మెరిసిన ఇసుక, గిన్నె, పరీక్ష, ఎడమ భుజం మీదుగా విదిలింపు, అన్నీ. మధ్యలో ఆపుదామని దీదీ రెండుసార్లు దగ్గింది, పనిచేయలేదు. లోపల గుమ్మం దగ్గర పెళ్ళికూతురు నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుని గోడకి జారబడిపోయింది.

అమ్మమ్మ అంతా విని, వాడి మణికట్టు పట్టుకుని రెండుసార్లు తిప్పి చూసింది. "రాయొక్కటీ మిగలనీవన్నమాట" అంది. తర్వాత ఇంట్లోకి కేకేసింది. "ఒలే, ఎసరు పెట్టీసినారేటి? ఆగండి. బియ్యం ఈ బావు కడుగుతాడు."

కొత్త ప్యాంటు మడిచి, పెరట్లో కుళాయి దగ్గర పీట మీద కూర్చున్నాడు పెళ్ళికొడుకు. పెళ్ళికూతురు బియ్యం గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఫోన్లో నువ్వు అంటుందట, మా అందరి ముందు మీరు అంది.

"ముందు ఉంగరం ఇటివ్వండి."

ఇచ్చాడు. తన బొటనవేలికి పెట్టుకుని, పిడికిలి మూసి, ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

"ఇప్పుడు కడగండి" అంది.