ఈరన్న మందకు నేను చెప్పిన లెక్క

ఒక్క చుక్కను లెక్కపెట్టనందుకు గొర్రెల మంద మొత్తం నా మెడకు చుట్టుకోబోయిన కథ ఇది. మీరు నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

మాది మడకశిర వైపు పేరున్న ఇల్లు. భూములు పోయినా మెడ వంగలేదు. పదో తరగతికి వచ్చినా నాకు దశాంశాలు రావు, ఇంకొకరిని అడిగి నేర్చుకోవడం మా వంశంలో లేదు.

ఒక పొద్దున గొర్రెల ఈరన్న, కడుపులో పురుగులు పోవడానికి పోసే నట్టల మందు సీసాతో వచ్చాడు.

"సామీ, పది కిలోల గొర్రెకు ఎంత పొయ్యాలని రాసినారో సూడు. నావి ఇరవై కిలోలుంటాయి."

సీసా మీద 2.5 మిల్లీలీటర్లని ఉంది. నడుమ చుక్క ఈగ పెట్టిందనుకున్నాను. ఇరవై ఐదు రెండ్లు యాభై!

"యాభై పొయ్."

"యాభయ్యా! అది మందా, కల్లా?"

"మా ఇంటి మాటకే ఎదురు మాటా?"

"తప్పయింది సామీ," అంటూ వెళ్ళిపోయాడు.

ఆ రోజే బడిలో లెక్కల సారు 2.5ను రెండుతో గుణించమన్నారు.

"యాభై సార్!"

"ఐదురా! చుక్కను మింగేసినావా?"

నేను మింగలేదు సార్, గొర్రెలు మింగుతున్నాయి! ఊళ్ళోకి సెల్‌ఫోన్లు రాని కాలం. కడుపునొప్పని చెప్పి మంద దగ్గరికి పరుగెత్తాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు కానీ, చుక్కను వదిలి మందను చంపినవాడు లోకంలో నేనొక్కడినే.

నడిమధ్యాహ్నం. గొర్రెలన్నీ ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎవరికీ వంగని వంశం ఈరన్న కాళ్ళ మీద పడింది.

"అన్నా, అన్నీ సచ్చిపోతాండాయి! ఐదే పొయ్యాల!"

"లెయ్యి సామీ! ఎండకు గొర్లు అట్లే నిలబడతాయి. ఒక్కదానికే పోసినా. అది తూలతా ఉంటే ఆపేసినా."

"దేనికి పోసినావన్నా?"

"ఊర్లో ఏం జరిగినా తొలి మర్యాద మీ ఇంటికే గదా! నా మందలో ఉండే మీ పొట్టేలుకే పోసినా."

మాకు మిగిలిన ఆస్తల్లా ఆ పొట్టేలే! పశువుల డాక్టరు పుణ్యాన అది బతికింది. కానీ కోలుకునేదాకా ఇంట్లో కట్టేస్తే, మా తాతలు కొలువు తీరిన నడవను విడవకుండా పారుకుని పాడుచేసింది. నాయన నా చేతికి చీపురిచ్చారు.

ఆ చీపురు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఈ ఊళ్ళో ఎవరు ఏ మందు పోసినా, మా వంశం వరసలో చిట్టచివరనే నిలబడుతుంది.