పట్టుచీరలో వచ్చిన మేనత్త

మొన్న అశోక్ నగర్‌లో టీ తాగుతుంటే, పక్కన నిలబడ్డ హాస్టల్ అమ్మాయి పోటీ పరీక్షల పుస్తకం చంకలో పెట్టుకుని, ఫోన్ నోటి దగ్గర పట్టుకుని, "జర లేటయితది అమ్మా, పరేషాన్ కాకు" అంది. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు తెరమీద అక్షరాలై నిలిచాయి. ఆ పిల్లకు అందులో వింతేమీ లేదు, నాకు మాత్రం చేతిలో టీ చల్లారిపోయింది.

భాషాశాస్త్రం చదివితే పాఠాలు చెప్పుకోవడం తప్ప వేరే దారి లేదని మా ఇంట్లో తేల్చేసిన రోజుల్లో, కంప్యూటరుకు తెలుగు మాట వినడం నేర్పాలని నారాయణగూడలో ఒక చిన్న కంపెనీ, పని కుదిరితేనే ఉంచుకుంటామన్న షరతు మీద నన్ను తీసుకుంది. మనుషుల గొంతులు రికార్డు చేసి, పలికింది పలికినట్టు రాసి యంత్రానికి అందించడం నా పని. చిక్కడపల్లిలో మా ఇరుగుపొరుగునంతా బతిమాలి తీసుకుపోయాను. మైకంటే అప్పట్లో మనకెంత మర్యాదో మీకూ గుర్తుండే ఉంటుంది. గది తలుపు మూయగానే అందరూ వార్తలు చదివేవాళ్ళయిపోయారు. కూరగాయల సంగతి చెప్పమంటే "ధరలు మిక్కిలి పెరిగినవి" అన్నారు. నన్ను పెంచిన మేనత్త అయితే పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని మరీ వచ్చింది.

యంత్రం ఆ భాషే నేర్చుకుంది. బజారులో మనిషి నోరు విప్పితే దానికొక్క ముక్క అర్థం కాలేదు. ఇంకొక్కసారి చూసి, కుదరకపోతే మూసేద్దామన్నారు మా పెద్దసారు. మూసేస్తే నా ఉద్యోగమూ అంతే.

ఇంటికొచ్చి, అక్కడ అట్లా ఎందుకు మాట్లాడావని మేనత్త మీద విసుక్కున్నాను.

"మంచిగ మాట్లాడకుంటే ఆఫీసుల నీ ఇజ్జత్ పోతది కదనే బిడ్డా," అంది.

మర్నాడు ఆమెకు చెప్పే రికార్డరు వంటింట్లో పెట్టాను. బియ్యం ఏరుతూ ఏరుతూ దాన్ని మరిచిపోయి, నీళ్ళ మోటారు కట్టేయని కిరాయిదారు మీద తిట్లు మొదలుపెట్టింది. తర్వాత అంతా వినిపిస్తే నవ్వి, తిట్లు తీసేసి తక్కినవి తీసుకుపొమ్మంది. ఆపైన అందరినీ అట్లాగే, వాళ్ళ పనుల మధ్యనే రికార్డు చేశాను. యంత్రం మెల్లగా దారిలో పడింది, నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు మేనత్త లేదు. ఆ కంపెనీ లేదు, ఆ రికార్డింగులు ఏమయ్యాయో తెలియదు. ఫోన్లు ఎవరి మాటైనా పట్టేస్తున్నాయి, సంతోషమే. అవి ఎవరి గొంతులు విని నేర్చుకున్నాయో అడిగేవాళ్ళు మాత్రం లేరు. నాకైతే ఒక గొంతు తెలుసు. వినేవాళ్ళకు చీర కనిపించదని తెలిసి కూడా, నా పరువు కోసం పట్టుచీర కట్టుకుని, ఎండలో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడిచి వచ్చిన గొంతు అది.