రత్నమ్మ పిన్ని, కారు బెల్టు

ఈ వేసవిలో మొదటిసారి కారులో ఏసీ వేసిన రోజు, చల్లగాలి కంటే ముందు నా ముక్కుకు తగిలింది మగ్గిన దుమ్ము వాసన. దాని వెనకే బానెట్ లోపలినుంచి సన్నగా ఒక కీచుమనే చప్పుడు. రొంపిచెర్లలో నేను పనిచేసే బడికి వెళ్లడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి చీర కొంగున ముడి వేసుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు, చెయ్యి దానంతటదే చేసేసింది. ముడి బిగించాక రత్నమ్మ పిన్ని గుర్తొచ్చింది. ఆమెను తలుచుకుంటూనే బానెట్ ఎత్తాను.

నాకు మొదట ఉద్యోగం వచ్చింది గురజాలలో. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. రత్నమ్మ పిన్ని వాళ్ల మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. రేపల్లె దగ్గర కాలవల మధ్య పెరిగినదాన్ని, ఆ రాతినేల, ఆ ఎండ నాకు కొత్త. అంతకు మించి నాకు భయం ఎక్కువ. గ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ మార్చాలన్నా ఎవరినో ఒకరిని పిలిచేదాన్ని. మొదటిసారి పిలిచినప్పుడు పిన్ని పైకొచ్చి మార్చింది. రెండోసారి వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నేనిక్కడే ఉంటాలే, నువ్వు పెట్టు" అంది. అదే మా పరిచయం.

పిన్ని భర్త కోటేశ్వరరావు బాబాయి బజారులో ఇనుప సామాన్ల కొట్టు నడిపినవారు. వాళ్లకు పిల్లలు లేరు. నేను వెళ్లేనాటికే ఆయన కిడ్నీలు చెడిపోయి, కొట్టు అమ్మేశారు. రోజు విడిచి రోజు నరసరావుపేట ఆసుపత్రిలో డయాలసిస్. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయనే పిన్నికి కారు నేర్పారట. ఇప్పుడు ఆమె నడిపేది, ఆయన పక్క సీటులో కూర్చునేవారు. డయాలసిస్ అయ్యాక ఆయన ఒళ్లు ఉడికించిన ఆకులా వాలిపోయేది. ఆ స్థితిలో పల్నాడు ఎండ తగిలితే బీపీ ఒక్కసారిగా పడిపోయేది. అందుకని ఆ ఇంట్లో కారు ఏసీ సుఖం కోసం కాదు, అది కూడా మందుల్లో ఒకటి.

కారు మెకానిక్‌కు ఇవ్వడం బాబాయికి ఇష్టం ఉండేది కాదు. జీవితమంతా తన బండి పనులు తానే చూసుకున్న మనిషి. చేతులు వణికి స్పానర్ పట్టు దొరకని రోజు వచ్చాక, రేకుల పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, భుజం మీద తువ్వాలుతో కూర్చుని, పిన్ని చేత చేయించేవారు. ఆదివారం పూట నేను మెట్ల మీద కాఫీ తాగుతూ చూసేదాన్ని. ముందుగా పిన్ని తాళం తీసి కొంగున ముడి వేసేది. "అది నా దగ్గరుంటే బండి ఎవరూ స్టార్ట్ చెయ్యలేరు. అప్పుడే నా వేళ్లు లోపలికి పోయేది" అని నాకు చెప్పింది. పక్క సీటు ముందున్న అర విప్పి, దాని వెనక దాగి ఉండే ఏసీ గాలి ఫిల్టర్ బయటికి లాగేది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కగా రోజు విడిచి రోజు తిరిగే బండి కదా, ఆ ఫిల్టర్ గోడకు తడితే తెల్లటి పొగ లేచేది. తర్వాత రేడియేటర్ ముందుండే సన్నటి జాలీలో పత్తి నూగు, చచ్చిన పురుగులు ఇరుక్కుని ఉంటే, పైపుతో నీళ్లు పోసి కడిగేది.

"అంత గట్టిగా కొట్టబాకే, రేకులు వంగిపోతయ్! పసిపిల్లకి నీళ్లు పోసినట్టు పొయ్యి" అని కుర్చీలోంచి అరిచేవారు బాబాయి.

"పసిపిల్లలకి నేనెప్పుడు పోశానండీ, మీరు నేర్పిందే పోస్తన్నా" అనేది పిన్ని. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వులో ఏముందో తెలిసే వయసు కాదు నాది.

"ఏసీ గ్యాస్ జోలికి మాత్రం పోబాక. అది మిషనున్నోడి పని" అనేవారు ప్రతిసారీ. ప్రతిసారీ ఆమె "సరేనండీ" అనేది, అప్పుడే విన్నట్టు.

అన్నిటికంటే కష్టమైన పని బెల్టుది. ఇంజిన్ పక్కన నల్లటి బెల్టు ఒకటి చక్రాల మీదుగా మెలికలు తిరుగుతూ పోతుంది. ఏసీ తిరగాలన్నా, స్టీరింగ్ తేలిగ్గా తిరగాలన్నా, బ్యాటరీకి కరెంటు ఎక్కాలన్నా, ఆ కారులో ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపు ఆడాలన్నా ఆ ఒక్క బెల్టే ఆధారం. దాన్ని బిగపట్టి ఉంచే చక్రాన్ని టెన్షనర్ అంటారు. స్పానర్‌తో దాన్ని పక్కకు తిప్పితే బెల్టు వదులై చేతికొస్తుంది. పిన్ని స్పానర్ తగిలించి, తలెత్తి అడిగేది: "టెన్షనర్ ఎటు తిప్పాలండీ?"

"నీ వైపుకే. ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు!" బాబాయి గొంతు అప్పుడు మాత్రం కొట్టులో కూర్చున్న నాటి గొంతులా ఖంగుమనేది.

బడికి సెలవులిచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి, బాబాయి లోపల నిద్రపోతున్నారు. పిన్ని ఒంటరిగా బానెట్ ఎత్తి బెల్టు తీసింది, ఎండకేసి పట్టి చూసింది, తిరిగి ఎక్కించింది. ఎవరినీ ఏమీ అడగలేదు. సాయంత్రం ఆయన లేచి కుర్చీలో కూర్చున్నాక, అదే బెల్టు మళ్లీ తీస్తూ "టెన్షనర్ ఎటండీ?" అంది. నేను ఆశ్చర్యపోయాను. బాబాయి బెల్టును వేళ్లతో తడిమి, వెనకవైపు పగుళ్లు చూసి, "పర్లేదు, ఈ ఎండాకాలం లాగుద్ది" అన్నారు. పిన్ని ఆ పగుళ్లను ఇంకోసారి చూసి, "మీరంటే సరే" అని దాన్నే ఎక్కించింది.

రాత్రి వంటింట్లో అడిగాను. "మీకన్నీ వచ్చు కదా పిన్నీ, ఎందుకు అడుగుతారు?"

ఆమె గిన్నె కడుగుతూనే చెప్పింది. "కొట్టు పోయింది. నడక పోయింది. అన్నం కొలుచుకుని తినాల, నీళ్లు కొలుచుకుని తాగాల. చెప్పటమన్నా ఆయనకి ఉండనియ్యమ్మా."

ఆ సెలవుల్లోనే ఒకరోజు వాళ్లతో నరసరావుపేట వెళ్లాను. తిరుగు దారిలో బాబాయిని వెనక సీటులో పడుకోబెట్టి, నేను ముందు కూర్చున్నాను. పిడుగురాళ్ల దాటి బట్టీల దగ్గరికి వచ్చాక, బానెట్ కింద చెంపదెబ్బ కొట్టినట్టు ఒక చప్పుడు. ఎదురుగా బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. స్టీరింగ్ బరువెక్కి, పిన్ని రెండు చేతులతో ఈడ్చి కారును పక్కకు తెచ్చి ఆపింది. చల్లగాలి అప్పటికే వెచ్చబడింది. బయట సున్నం తెలుపు మీద పడి ఎండ కళ్లలో గుచ్చుతోంది. నేను వెనక్కి తిరిగి "బాబాయ్" అన్నాను. ఆయన పలకలేదు. పెదవులు పాలిపోయాయి.

నేను ఏడవడం మొదలుపెట్టాను. పిన్ని నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. "తలుపులన్నీ తెరువు. తువ్వాలు తడిపి నెత్తిన వెయ్యి. కాళ్లు ఎత్తున పెట్టు" అంది. బట్టీలో పనిచేసే ఒకామె మమ్మల్ని చూసి బిందెతో పరుగెత్తుకొచ్చి, ఆయన తల దగ్గర కూర్చుని కొంగుతో విసరసాగింది. పిన్ని డిక్కీ తీసి, చీరల సంచి కింద నుంచి కొత్త బెల్టు తీసింది. అది అక్కడ ఉందని నాకు తెలియదు. బాబాయికీ చెప్పలేదనుకున్నాను.

"ఇట్రా. ఈ స్పానర్ నీ వైపుకి లాగి పట్టుకో. నేను చెప్పిందాకా వదలబాక."

ఇంజిన్ సెగ ముఖాన కొడుతోంది. నేను రెండు చేతులతో స్పానర్ లాగి పట్టాను. భుజాలు ఊడిపోతాయనిపించింది. పిన్ని చేతికి తువ్వాలు ముక్క చుట్టుకుని, తెగిన పీలికలన్నీ ఏరి పారేసి, చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, కొత్త బెల్టును కింది నుంచి ఎక్కించుకుంటూ వచ్చింది. చక్రాల గాళ్లలో సరిగ్గా కూర్చుందా లేదా అని వేలితో చుట్టూ తడిమింది. ఎక్కడో మణికట్టు కాలి చుర్రుమంది, ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. "వదులు, మెల్లిగా" అంది. వదిలాను. కొంగు ముడి విప్పి తాళం పెట్టింది. బండి లేచింది. ఏసీ గాలి మొదట వేడిగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత చల్లగా వచ్చింది. అది చల్లబడేదాకా ఆమె అరచెయ్యి గాలి వచ్చే చోటే ఉంది. ఆ చల్లదనానికి వెనక బాబాయి పెదవులకు రంగు వచ్చి, ఆయన సన్నగా మూలిగారు.

ఇంటికొచ్చి మంచం మీద పడుకోబెట్టాక బాబాయి కళ్లు తెరిచి ఆమెకేసి చూశారు. "నన్ను అడక్కుండానే ఎక్కించావుగా" అన్నారు.

పిన్ని తల వంచుకుంది. "మీరు నేర్పిందేగా."

"నీకు ఎప్పుడో వచ్చని నాకు తెలుసులేవే. అడుగుతుంటే బాగుండేదని ఊరుకున్నా. కొత్త బెల్టు డిక్కీలో పెట్టావంటే, పాతది ఆగదనీ నీకు తెలుసు." కాలిన ఆమె మణికట్టును వణికే చేత్తో పట్టుకున్నారు. "అడుగు. అడగటం మానబాక. నేను తప్పు చెప్తే మాత్రం వినబాక."

అంత ధైర్యంగా చేతులు ఆడించిన మనిషి అప్పుడు ఏడ్చింది. నేను మెల్లిగా తలుపు దగ్గరికి వేసి మేడెక్కాను.

ఆ తర్వాత ఆమె అడుగుతూనే ఉంది. ఒకోసారి ఆయన చెప్పినదానికి "కాదండీ, ఇటు" అనేది కూడా. ఆయన గొణిగేవారు గాని, ముఖం వెలిగేది. చివరి రోజుల్లో గొంతు రాక చేత్తో చూపించేవారు. ఒక వానాకాలంలో బాబాయి పోయారు. ఏడాది తిరిగాక పిన్ని ఒకరోజు పొద్దున్నే మేడ మీదికొచ్చి, "దిగు, బండి నేర్పిస్తా" అంది. నాకు భయం అన్నాను. "భయంగానే కూర్చో. కూర్చోవటానికి ధైర్యమెందుకు?" అంది. గురజాల బయట రోడ్డు మీద, నేను గేరు గేరుకీ బండి ఆపేస్తుంటే, ఒక్కసారి కూడా స్టీరింగ్ మీద చెయ్యి వెయ్యలేదు.

నాకు పెళ్లయి, బదిలీ అయి, సొంత కారు కొనుక్కునేనాటికి పిన్ని చూపు మందగించి బండి అమ్మేసింది. వెల్దుర్తిలో చెల్లెలి దగ్గర ఉండేది. తాను చనిపోయే ముందు ఏడాది, అమరావతిలో అమరేశ్వరుణ్ణి చూడాలని ఉందని ఫోన్ చేస్తే వెళ్లి నా కారులో తీసుకెళ్లాను. దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుని, తిరిగి బయలుదేరాం. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. ఏదో మాట్లాడుతూ నేను పక్కకు చూస్తే, పిన్ని తల వెనక్కి వాల్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్లో వదిలేసి, చంటిపిల్లలా. అన్నేళ్లలో ఆమె కారులో రెప్ప వాల్చడం నేను చూడలేదు. ఎప్పుడూ ఒక చెవి ఇంజిన్ మీద, ఒక చెవి బాబాయి ఊపిరి మీద ఉండేది. ఆ రోజు రెండు చెవులూ నాకు అప్పగించి పడుకుంది.

వెల్దుర్తి చేరాక కూడా లేపలేదు. ఇంజిన్ ఆపకుండా, ఏసీ గాలి ఆమె మీద నేరుగా పడకుండా పక్కకు తిప్పి, మెలకువ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. నా బండిలో మా అత్తగారు నిద్రపోయినా, బడి నుంచి వచ్చేటప్పుడు సాటి టీచరమ్మ ఎవరైనా కునుకు తీసినా, ఇప్పటికీ యాక్సిలరేటర్ మీద నా కాలు దానంతటదే మెత్తబడుతుంది. చుట్టు తిరుగుడైనా సరే, గుంతలు లేని రోడ్డు పట్టుకుంటాను.