పది లక్షల ఒకటి

మా బావమరిది కల్లంలో మిరపకాయలు బస్తాలకెత్తుతున్నాడు. తెల్లబారిన తాలు కాయలు మధ్యలో పోసి, ఎర్రటివి పైన సర్దుతుంటే చూసి ఊరుకోలేకపోయాను. లెక్కల మాస్టారిని కదా, నీతులు చెప్పడం అలవాటు.

"పైపైన చూపించి అమ్మడం మోసంరా," అన్నాను.

అప్పుడే అతని కూతురు చార్టు పట్టుకొచ్చింది. మర్నాడు బడిలో ఒక పెద్ద సంఖ్య గురించి మాట్లాడాలట. పది లక్షల ఒకటిని ఎంచుకుంది.

"మావయ్యా, ఇది ప్రధాన సంఖ్యేనా? ఏ ఎక్కంలోనూ పోదా?"

ఇంత సంఖ్యకైతే వెయ్యి లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలని క్లాసులో చెప్పేది నేనే. ముప్పై ఏడు దాకా వచ్చేసరికి నాకు విసుగొచ్చింది.

"పోదమ్మా, రాసుకో," అన్నాను. పాపం, ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకుంది.

నా టీ పూర్తికాకముందే ఫోను పట్టుకుని మళ్లీ వచ్చింది. కళ్లలో నీళ్లు.

"నూట ఒకటితో పోయింది మావయ్యా! తొమ్మిది వేల తొమ్మిది వందల ఒకటి సార్లు. రేపు అందరి ముందూ ఇదే చదివేదాన్ని."

బావమరిది పని ఆపి మరీ నవ్వాడు. "ఏం బావా, నీ బస్తాలోనూ మధ్యలో తాలేనా?"

కొట్టుకెళ్లి కొత్త చార్టు తెచ్చాను. నేనే రాసిస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు.

"నువ్వు గీతలు కొట్టు చాలు. లెక్క నేను వేసుకుంటా."

స్కేలు పెట్టి గీతలు కొడుతూ కూర్చున్నాను. అవతల బావమరిది బస్తాల మూతులు కుట్టేస్తున్నాడు. ఆపమని చెప్పే మొహం నాకు లేకపోయింది.