వెనకసీటు మామయ్య

ఉద్యోగం చేస్తూ నిద్రపోయేవాళ్లు లోకంలో కోకొల్లలు. నిద్రపోవడమే ఉద్యోగంగా చేసినవాడు మాత్రం వెనకసీటు మామయ్య ఒక్కడే. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, చంకలో దిండూ దుప్పటీ పెట్టుకుని కంపెనీకి వచ్చేవాడు. గేటు దగ్గర కాపలా అతను లేచి సెల్యూట్ కొట్టి, "ఏం మామయ్యా, ఇవాళ పనెక్కువా?" అని అడిగితే, "ఏం చెప్పమంటావయ్యా, మధ్యాహ్నం దాకా నిద్రే. భోంచేశాక మళ్లీ నిద్ర. నడుం వాల్చడానికి కూడా తీరిక లేదు," అని నిట్టూర్చేవాడు.

అది ఖరీదైన సెడాన్ కార్లు తయారుచేసే కంపెనీ. కారు లోపల మహారాజు పడకగదిలా ఉండాలి, రోడ్డెక్కితే పందెం గుర్రంలా ఉరకాలి. ఈ రెండూ ఒక్క కారులో ఇమడ్చడం అత్తాకోడళ్లను ఒకే వంటింట్లో ఇమడ్చడం లాంటిదే. వీధిలో గుంతలుంటాయి, స్పీడ్ బ్రేకర్లుంటాయి. అక్కడ కారు మెత్తగా లొంగాలి. రేసు ట్రాకు మీద గుంతలుండవు గానీ భయంకరమైన మలుపులుంటాయి. అక్కడ కారు ఒరిగిపోకుండా బిగదీసుకుని నిలబడాలి. మెత్తగా చేస్తే ట్రాకు మీద పడవలా ఊగుతుంది, గట్టిగా చేస్తే వీధిలో నడుం విరుగుతుంది. కొనే పెద్దమనిషికి ఏదో ఒకటి చాలదు. అన్ని లక్షలు పోసినవాడు రెండూ అడగక ఊరుకుంటాడా?

అందుకని ప్రతి కొత్త కారునూ ముందు వీధుల్లో, తర్వాత ట్రాకు మీద నడిపి చూసేవారు. డ్రైవర్లు నడిపేవారు, మామయ్య వెనకసీట్లో దిండేసుకుని పడుకునేవాడు. అలాగని ఆయన ఆషామాషీ మనిషి కాదు. ఇంజినీరింగు చదివి, కారు స్ప్రింగులతోనే జుట్టంతా నెరిపించుకుని, చివరికి ప్రయాణ సుఖాన్ని పరీక్షించే విభాగానికి పెద్ద తలకాయ అయ్యాడు. ఆ తలకాయను దిండు మీద పెట్టాడు, అంతే తేడా.

"డ్రైవరుకేం తెలుస్తుందయ్యా కారు సంగతి?" అనేవాడు మామయ్య. "మలుపొస్తోందని వాడికి ముందే తెలుసు. ఒళ్లు సర్దుకుంటాడు. వెనకాల ఉన్నవాడికి ఏమీ తెలీదు. వాడి నడుం చెప్పిందే నిజం."

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు గదా మామయ్యా?" అని ఎవరైనా అడ్డు తగిలితే, "అది మామూలు నిద్ర. నాది చదువుకున్న నిద్ర," అనేవాడు.

ఆయన గురకే కంపెనీకి కొలబద్ద. స్ప్రింగుల ఇంజినీరు ఒకతను డ్రైవరు పక్కన కూర్చుని, సంగీత కచేరీకి వచ్చినవాడిలా కళ్లు మూసుకుని ఆ గురకే వినేవాడు. వీధిలో గురక ఏకధాటిగా సాగితే కారు పాసు. స్పీడ్ బ్రేకరు దగ్గర గురక రెండు ముక్కలైతే స్ప్రింగులు వదులు చేసేవాడు. ట్రాకు మీద గురక కుడికీ ఎడమకీ ఊగితే, కారు ఒరుగుతోందని బిగించేవాడు. ఇలా బిగించీ వదులు చేసీ అతగాడు రెండు ప్రమోషన్లు కూడా సంపాదించాడు.

ఒకసారి కంపెనీ ఛైర్మన్ స్వయంగా వచ్చి ట్రాకు మీద ముందు సీట్లో కూర్చున్నాడు. నాలుగు చుట్లు తిరిగొచ్చేసరికి ఆయన మొహం తెల్లగా పాలిపోయింది, తలుపు తీసుకుని దిగడానికి కూడా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. వెనకసీట్లో మామయ్య ఒళ్లు విరుచుకుని, "అప్పుడే అయిపోయిందా? ఇంకో రెండు చుట్లు తిప్పండయ్యా, కల మధ్యలో ఉంది," అన్నాడు. ఛైర్మన్ అక్కడికక్కడే ఆ కారుకు అనుమతి ఇచ్చేశాడు.

ఇంట్లో మాత్రం కథ వేరు. "ఈయనకి మంచం మీద నిద్రే పట్టదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లుతూనే ఉంటారు," అని అత్తయ్య కంపెనీ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు అందరి ముందూ వాపోయింది. "ఆఫీసులో అంతేసి నిద్రపోతే ఇంట్లో ఏం పడుతుందమ్మా?" అని అందరూ నవ్వారు. మామయ్య కూడా అందరికంటే గట్టిగా నవ్వాడు.

అలాంటి మామయ్య దగ్గరికి వచ్చి పడింది డ్రైవరమ్మాయి.

టెస్టు డ్రైవర్లలో ఆమె అందరికంటే చిన్నది. చిన్నప్పటి నుంచీ కారు నడపడం తప్ప వేరే కోరిక లేని మనిషి. వీధిలో నడిపితే కారు నీళ్లలో చేపే. ట్రాకు మీద కూడా ఒంటరిగా వదిలితే అంతే. పక్కన ఎవరైనా కూర్చుని చూస్తున్నారా, ఇక కుడికాలు కట్టె అయిపోయేది. అదీ ముఖ్యంగా పెద్దసారు చూస్తున్నప్పుడు.

పెద్దసారంటే డ్రైవర్లందరికీ అధికారి. చెడ్డవాడు కాదు గానీ, ఆయనకొక పాడు అలవాటు. పక్కన కూర్చుని ప్రతి మలుపు దగ్గరా "త్చ్" అనేవాడు. బాగా తిప్పినా "త్చ్", బాగా తిప్పకపోయినా "త్చ్". పోయినసారి ట్రాకు చివర ఉన్న పెద్ద మలుపులో ఆ "త్చ్" చెవిన పడగానే, డ్రైవరమ్మాయి ఉలిక్కిపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఒక్కసారిగా తీసేసింది. కారు గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ లోపలి వైపు గడ్డిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఆమె ధైర్యానికి తప్ప.

"ఇంకొక్క అవకాశం ఇస్తాను," అన్నాడు పెద్దసారు. "కొత్త కారుకు చివరి పరీక్ష ఉంది. మామయ్యతో వెళ్లు. మళ్లీ ఆ మలుపులో భయపడ్డావో, నిన్ను విడిభాగాల కౌంటర్లో కూర్చోబెడతాను. అక్కడ కార్లు కదలవు."

పరీక్ష రోజున ఆమె స్టీరింగు ముందు కూర్చుని, అద్దం సర్దుకుంటూ, "మామయ్యా, పోయినసారి నేను కారు గడ్డిలోకి తిప్పేశాను. మీకు తెలుసుగా?" అంది.

మామయ్య దిండు తట్టుకుంటూ, "తెలుసమ్మాయ్. గడ్డి మెత్తగా ఉందా?" అని అడిగాడు.

"మెత్తగానే ఉంది."

"ఇంకేం మరి! నువ్వేమైనా చేసుకో తల్లీ, నన్ను మాత్రం లేపకు. నిద్ర పాడైతే నాకు మహా చెడ్డ కోపం."

వీధిలో ఉన్నంతసేపూ అంతా సాఫీగా సాగింది. అంత బరువైన కారు గుంతల మీంచి, పసిపిల్లను నిద్రలేపని తల్లిలా మెల్లగా దాటుకుంటూ పోయింది. మామయ్య గురక ఎక్కడా తెగలేదు. పక్క సీట్లోని స్ప్రింగుల ఇంజినీరు ఆనందంతో తలూపుతూ, పెద్దసారు చెప్పినట్టు ట్రాకు గేటు దగ్గర దిగిపోయాడు.

ట్రాకు మీదికి రాగానే ఆమె కారును పందెం పరుగుకు మార్చే బటన్ నొక్కింది. కారు స్వభావమే మారిపోయింది. అప్పటిదాకా ఒద్దికగా ఉన్న మనిషి చీరకుచ్చెళ్లు బిగించి నిలబడినట్టు, స్ప్రింగులు బిగుసుకున్నాయి, స్టీరింగు బరువెక్కింది. పెద్ద మలుపు కనబడగానే ఆమె కుడికాలు మళ్లీ కట్టె కాబోయింది. అద్దంలోకి చూసింది. మామయ్య గడ్డం గుండెల మీద పడింది, నోరు తెరుచుకుంది, ట్రాకు కోసం పెట్టుకున్న హెల్మెట్టులోంచి గురక బిందెలో తుమ్మెదలా మోగుతోంది. చూసేవాడు లేడు, "త్చ్" అనేవాడు లేడు. ఆమె కాలు తేలికైంది. కారు మలుపును ఒరుసుకుంటూ దూసుకుపోయింది.

మూడో చుట్టులో మాత్రం, అదే మలుపు మధ్యలో కారు తోక చటుక్కున పక్కకి జరిగింది. ఆలోచించే వ్యవధి లేదు. ఆమె కాలు తనంతట తనే యాక్సిలరేటరు కొంచెం తగ్గించింది, చేతులు స్టీరింగును కాస్త వెనక్కి తిప్పాయి. తోక మళ్లీ దారికొచ్చింది. ఇంత జరిగినా వెనకసీట్లో గురక చెక్కుచెదరలేదు. 'ఈయన కుంభకర్ణుడికి మేనమామ అయి ఉండాలి,' అనుకుంది ఆమె.

తిరిగొచ్చాక గదిలో పెద్దసారు కంప్యూటరు ముందు కూర్చుని ఆమె కాలు కదలికల గీత చూశాడు. పెద్ద మలుపు దగ్గర గీత కిందికి దిగింది.

"త్చ్. ఇదిగో. మళ్లీ భయపడ్డావు."

"లేదు సార్. కారు తోక జరిగింది."

"మా కారు తోక జరగదు," అన్నాడు స్ప్రింగుల ఇంజినీరు, తన పిల్లాణ్ణి ఎవరో తిట్టినట్టు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు పెద్దసారు. "మామయ్యా, మీరైనా... అయ్యో, మిమ్మల్ని అడగడమేంటి నా పిచ్చిగానీ! మీరు నిద్రలో ఉన్నారుగా."

అందరూ నవ్వారు. డ్రైవరమ్మాయి నవ్వలేదు. ఆమెకు విడిభాగాల కౌంటరు కళ్ల ముందు కనబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కిటికీ వైపు తిరిగింది.

మామయ్య ఓ మూల దుప్పటి మడతపెడుతున్నాడు. మడతపెట్టిందాన్ని విప్పాడు. మళ్లీ మడతపెట్టాడు. చివరికి దుప్పటి బల్ల మీద పడేశాడు.

"తోక జరిగింది సార్," అన్నాడు. "ట్రాకుకి అతుకేసిన చోటుంది చూడండి, అక్కడ. వెనక చక్రం నేల వదిలింది. నా నడుం కిందే గదా ఆ చక్రం! భయపడ్డ కాలైతే ఒక్కసారిగా లేస్తుంది. లేస్తే కారు గిర్రున తిరుగుతుంది, ఈపాటికి నేను గడ్డిలో ఉండేవాణ్ణి. ఈ పిల్ల కాలు లేవలేదు. పాలు పొంగుతుంటే మంట తగ్గిస్తాం చూడండి, అట్లా తగ్గించింది. మీ గీత దభాలున పడిందా, మెల్లిగా వాలిందా?"

పెద్దసారు గీతను పెద్దది చేసి చూశాడు. మెల్లిగానే వాలింది.

"నిజమే. కానీ మీకెలా తెలుసు?"

"మెలకువగా ఉన్నాను కాబట్టి."

పెద్దసారు కంప్యూటరు వదిలి కుర్చీ ఇటు తిప్పాడు.

"ఇవాళ నిద్ర పట్టలేదా మామయ్యా?" అన్నాడు పెద్దసారు జాలిగా.

"ఏ రోజు పట్టింది గనక! రెండొందల నలభై స్పీడుతో మలుపు తిప్పుతుంటే ఎవడికి పడుతుందండీ నిద్ర? నేను మనిషినా, బియ్యం బస్తానా?"

స్ప్రింగుల ఇంజినీరు కుర్చీలో కూలబడ్డాడు. "మామయ్యా, మీ గురక విని నేను స్ప్రింగులు బిగించాను. వదులు చేశాను. రెండు ప్రమోషన్లు..."

"నీ ప్రమోషన్లకేం ఢోకా లేదయ్యా. గురక దొంగదే, నడుం నొప్పి మాత్రం నిజంది. నొప్పి పుట్టిన చోటల్లా గురక విరిచాను. ఇవాళ ఒక్కసారి మాత్రం, ఈ పిల్ల బెదురుతుందని విరవలేదు."

"ఎందుకిదంతా?" అన్నాడు పెద్దసారు.

మామయ్య తల గోక్కున్నాడు. "మొదట్లో, ఈ ట్రాకు లేని రోజుల్లో, నేనూ కళ్లింతింత చేసుకుని పక్కన కూర్చునేవాణ్ణి సార్. నన్ను చూసి మంచి డ్రైవర్లు కూడా చెడగొట్టుకునేవాళ్లు. ఓసారి కంట్లో మందేసుకుని కళ్లు మూసుకుని వెనకాల కూర్చున్నా. నేను నిద్రపోయాననుకుని ఆ డ్రైవరు కారుని వెన్నలా నడిపాడు. అప్పుడు తెలిసింది, లోపం వాడి కాల్లో లేదు, నా కళ్లలో ఉందని. అంతే, మూసేశా."

"మరి గురకెందుకు?"

"ఊరికే కళ్లు మూసుకుంటే నమ్మరండీ. గురక పెడితేనే నమ్ముతారు. మీ అత్తయ్య పక్కన పడుకుని నేర్చుకున్నా. రోజూ వింటూనే ఉంటాగా, నిద్ర పట్టక! ఈ మాట మాత్రం ఆవిడకి చెప్పకండి."

"నిద్రపోయేవాణ్ణి లేపచ్చు గానీ, నటించేవాణ్ణి లేపలేమంటారు," అన్నాడు పెద్దసారు. "మిమ్మల్ని ఈ అమ్మాయి లేపింది." ఆయన "త్చ్" అనబోయి, డ్రైవరమ్మాయి మొహం చూసి దాన్ని మింగేశాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లు కాపాడుకున్న పేరును ఈయన తన కోసం ఒక్క మాటతో పోగొట్టుకున్నాడు. ఇక ముందు ఏ డ్రైవరూ ఆ గురకను నమ్మడు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

స్ప్రింగుల ఇంజినీరు వెనక చక్రాల బిగువు కాస్త తగ్గించాక, మళ్లీ ఒకసారి నడిపి చూడమన్నాడు పెద్దసారు. మామయ్య అలవాటు కొద్దీ దిండు అందుకుని, గుర్తొచ్చి అక్కడే పెట్టేశాడు.

"ముందు సీట్లో కూర్చోండి మామయ్యా," అంది డ్రైవరమ్మాయి. "కళ్లు తెరుచుకుని."

"వద్దమ్మాయ్. నీ కాలు బిగుసుకుంటుంది."

"మీరు పొద్దున కూడా చూస్తూనే ఉన్నారుగా, కళ్లతో కాకపోతే ఒంటితో. బిగుసుకుందా?"

మామయ్య దిండు వైపు చివరిసారిగా చూసి కదిలాడు. హెల్మెట్టు పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కారు తిన్నని దారిలో ఊపందుకుంది. డ్రైవరమ్మాయి ఒకసారి ఆయన వైపు చూసింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, తననే చూస్తున్నాయి. ఆమె కాలు మాత్రం చెప్పినట్టు విన్నది. ఇంకాస్త తొక్కింది. పెద్ద మలుపు ఎదురొచ్చింది.

"అమ్మాయ్!" అని పొలికేక పెట్టాడు మామయ్య. "గోడ! గోడొస్తోంది! బ్రేకు తొక్కవే తల్లీ, బ్రేకు!"

ఆమె బ్రేకు ఎక్కడ తొక్కాలో అక్కడే తొక్కింది, ఎక్కడ వదలాలో అక్కడే వదిలింది. కారు అతుకు మీంచి తోక కదపకుండా జారిపోయింది. మామయ్య మాత్రం రెండు చేతులతో తలుపు పట్టుకుని, తన వైపు లేని బ్రేకును రెండు కాళ్లతో తొక్కుతున్నాడు.

"ఇన్నాళ్లూ మీరంతా నన్ను తిప్పింది ఈ గోడ పక్కనుంచా?" అన్నాడు, ఊపిరి కూడదీసుకుని.

"అవును మామయ్యా. ఎలా ఉంది నా డ్రైవింగు?"

"బ్రహ్మాండంగా ఉంది. నేను కళ్లు మూసుకుంటా."

"వీల్లేదు. ఇంకో చుట్టు వేస్తున్నా. చూసి తీరాలి."

మామయ్య బేరమాడాడు. చివరికి ఒక కన్ను తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నాడు. డ్రైవరమ్మాయి పకపకా నవ్వుతూ యాక్సిలరేటరు తొక్కింది.