గీత కోసం జనాన్ని తోలిన రోజు

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు అందులో సగం కూడా తెలియదు, జీతం మాత్రం ఇప్పుడే ఎక్కువ. డిగ్రీలో కంప్యూటర్లు చదివి మార్కాపురంలో ఒక చిన్న ఇంటర్నెట్టు ఆఫీసులో కొత్తగా చేరాను. మా యజమానిని ఊరంతా కేబుల్ మామ అనేది. ఒకప్పుడు ఇంటింటికీ టీవీ వైరు లాగి, కాలం మారగానే అవే స్తంభాల మీద ఇంటర్నెట్టు వైరు లాగిన మనిషి. నేనూ మామా అనే పిలిచేదాన్ని. (ఆయనది ముస్లిం కుటుంబం, మాది క్రైస్తవ కుటుంబం. మా వైపు మామ కావడానికి అదేమీ అడ్డం రాదు.) పొదిలి రోడ్డులో కాస్త లోపలికి ఉండే మా పల్లెకు కూడా మామ వైరే దిక్కు.

చేరగానే నేను చేసిన ఘనకార్యం ఒక సాఫ్ట్‌వేరు పెట్టడం. ఊరి బయట టవరు కింద పెద్ద లైను వచ్చి చేరే పెట్టె ఒకటుంది. ఈ సాఫ్ట్‌వేరు ఐదు నిమిషాలకోసారి ఆ పెట్టెను "ఎంత డేటా పోయింది?" అని అడిగి, వచ్చిన జవాబును గీతగా గీసి చూపిస్తుంది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలిపెట్టిన సరుకు. దాని పేరుకు తెలుగులో జెముడు అని అర్థం. మామకు ఆ ఊరికే రావడమూ నచ్చలేదు, ఆ పేరూ నచ్చలేదు. "ఊరికే ఎవరిస్తారు బిడ్డా? రేపొచ్చి ఏందన్నా అడగరు గదా?" అన్నాడు. అడగరని చెప్పాను. "పేరన్నా మంచిది దొరకలేదా వాళ్ళకి? ముళ్ళచెట్టు పేరు పెట్టుకున్నారేంది" అని గొణిగాడు. అయినా ఆకుపచ్చ గీత కదలడం మొదలయ్యాక ఆయనకు దాని మీద మనసు పడింది. పాత టీవీ ఒకటి తెచ్చి గోడకు తగిలించి, బిల్లు కట్టడానికి వచ్చేవాళ్ళకు కనబడేట్టు గీతను అందులో పెట్టించాడు. వచ్చినవాళ్ళు కాసేపు దాన్ని చూసి, గొంతు తగ్గించి, "ఎవరికి బాగలేదు?" అని అడిగేవాళ్ళు.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. మాకు లైను ఇచ్చే పెద్ద కంపెనీ ఇంకా పెద్ద లైను వేయబోతోంది. నెట్టు వాడే జనం ఎక్కడ ఎక్కువో చూసి, అది మాకు ఇవ్వాలా, కనిగిరి వాళ్ళకు ఇవ్వాలా అన్నది తేల్చడానికి వాళ్ళ సారు ఒకాయన బుధవారం వస్తున్నాడు. మామ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "లైను వస్తే గిద్దలూరులో బ్రాంచి పెడతా. దానికి ఇంచార్జివి నువ్వే. రాకుంటే మాత్రం ఇద్దరికి జీతాలియ్యడం నాతో కాదమ్మా." ఆ ఇద్దరిలో ఒకడు స్తంభాలెక్కే లైన్‌మ్యాను. నాకు స్తంభం ఎక్కడం రాదు కాబట్టి ఎవరు పోవాలో అడగనక్కర్లేదు. నేను చేసిన తప్పల్లా ఈ మాటలో మొదటి సగం మాత్రం ఇంట్లో చెప్పడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా నాయన మర్నాటికల్లా పల్లెంతా తిరిగి కూతురు గిద్దలూరుకు మేనేజరని చెప్పేశాడు. కూలికి పోయి నన్ను చదివించిన మనిషి. ఉద్యోగం పోతుందన్న భయం కంటే, రేపు ఆయన ఊళ్ళో తలెత్తుకుని ఎలా తిరుగుతాడన్న బెంగే నాకు ఎక్కువైంది.

చుట్టం వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చుకోవడం మనకు అలవాటు. కరెంటు పోయినప్పుడల్లా మా గీత తెగిపోయి, పళ్ళూడిన నోరులా మధ్యమధ్య ఖాళీలు ఉండేవి. "ఇవన్నీ చూస్తే సారు ఏమనుకుంటాడు? శుభ్రం చెయ్" అన్నాడు మామ. నాకు అన్నీ తెలుసు కదా, ఖాళీలతో పాటు పాత గీతలన్నిటినీ తుడిచిపారేసి కొత్తగా మొదలుపెట్టాను. ఇద్దరం సంతోషంగా టీ తాగాము. తాగుతుండగా మామకు అనుమానం వచ్చింది. "సారు పొద్దున పదకొండుకు వస్తాడంట. ఆ టయానికి గీత ఎట్లుంటది?" ఎట్లుంటుంది? పొద్దునపూట జనం పొలాల్లోనో పలకల ఫ్యాక్టరీల్లోనో ఉంటారు, గీత అడుగున పడుకుని ఉంటుంది. అది లేచి పైకెక్కేది సాయంత్రాలే. ఇన్నాళ్ళ ఆ సాయంత్రాలన్నిటినీ ఇప్పుడే నా చేత్తో తుడిచేశాను. బుధవారంలోపు పడే మూడు నాలుగు సాయంత్రాలు ఏ మూలకు? కుడితిలో పడ్డ ఎలుక ఎలా ఉంటుందో ఆ క్షణం నాకు తెలిసింది.

మామ మాత్రం కంగారు పడలేదు. ఆయన ఎన్ని ఎన్నికలు చూశాడో. "లీడరొస్తే మీటింగుకు జనాన్ని తోల్తారా లేదా? ఇదీ అంతే. బుధవారం పదకొండుకు అందరినీ గీత మీదికి తోలాల" అన్నాడు. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పించాడు. ఆ పూట నెట్టు ఉచితమనీ, ప్రతి ఒక్కరూ తప్పక వీడియోలు చూసి సహకరించాలనీ ప్రకటన. హోటళ్ళలో, పలకల ఫ్యాక్టరీలలో స్వయంగా చెప్పి వచ్చాడు. నేను ఊరుకుంటానా? నాయనకు చెప్పాను. నాయన చర్చిలో అయ్యగారికి చెప్పాడు. అయ్యగారు ఆదివారం ఆరాధన అయ్యాక, "మన పిల్ల ఉద్యోగం సంగతి. బుధవారం ఎవరూ కూలికి తొందరపడి పోవద్దు, ఫోన్లు తీసుకోని ఇక్కడికి రాండి, అందరం పాటలు పెడదాం" అని ప్రకటించాడట. (ఒక పూట కూలి వదులుకోవడమంటే మా పల్లెలో చిన్న మాట కాదు.)

బుధవారం సారు చెప్పిన వేళకే వచ్చాడు. సన్నగా, నిమ్మళంగా ఉన్న పెద్దాయన. కుర్చీలో కూర్చుని గోడ మీది టీవీ చూశాడు. గీత లేచింది. మరో ఐదు నిమిషాలకు ఇంకా లేచింది. మామ మీసం కూడా దాంతోపాటు లేచింది. ఇంకో ఐదు నిమిషాలకు గీత తెగిపోయింది. ఆ తర్వాత అంతా ఖాళీ, కడిగిన పలకలాగా. "ఏమైందమ్మా?" అని అడిగాడు సారు. నేను నోరు తెరిచేలోగానే, "కరెంటు పోయినట్టుంది సార్" అన్నాడు మామ. సారు తలెత్తి, మా నెత్తి మీద గిర్రున తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. ఆఫీసు ఫోను, మామ రెండు ఫోన్లు, ఒకటి ఆపితే ఇంకొకటి. అంతలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసే అత్త ఒకామె, చేతులకంటిన రాతిపొడి కూడా తుడుచుకోకుండా నేరుగా లోపలికి వచ్చేసింది. "ఏం పిల్లా, చూడండి చూడండి అని మైకేసి చెప్తిరి. పని ఆపుకోని చూస్తంటే గుండ్రంగా తిరగతా ఉంది. ఏం నెట్టు మీది?" మామ తేలు కుట్టిన దొంగలా గోడకేసి చూస్తున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు అనుకుంటుండగా నా ఫోను మోగింది. మా నాయన. ఆయనకు ఫోనులో మెల్లగా మాట్లాడటం చేతకాదు. "అమ్మా, ఇక్కడ పాటలన్నీ ఆగిపోయినాయి. మనోళ్ళు చాల్లేదా? పక్కూరోళ్ళను గూడ తోలుకరమ్మంటావా?"

ఆ మాట ఆఫీసంతా వినిపించింది. సారు మొదట పెదవి బిగబట్టాడు, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "ఇప్పుడు నిజం చెప్పమ్మా, గీత ఎందుకు తెగింది?" అన్నాడు. చెప్పేశాను. పెట్టెను మా కంప్యూటరు అడగవలసిన ప్రశ్న కూడా అదే దారిన పోవాలి. జనం కిక్కిరిసి పోయేసరికి ప్రశ్నకే దారి లేకపోయింది, జవాబు రాక గీత ఆగిపోయింది. పాత గీతలను తుడిచింది కూడా నేనేనని చెప్పాను. ఆయన మోగుతున్న ఫోన్లను చూపించి, "జనం ఉన్నారా అని చూద్దామనే వచ్చాను. ఇంతమంది తిడుతుంటే ఇంక గీత ఎందుకు?" అన్నాడు. అత్తకు ఇవేమీ పట్టలేదు. "మాటలు తర్వాత, నా సీరియల్ సంగతి చెప్పండి" అంది. మామ ఆమెకు కూడా టీ తెప్పించాడు.

పెద్ద లైను మాకే వచ్చింది. గిద్దలూరులో ఒక షట్టరు గదిలో మామ బ్రాంచి పెట్టి, నన్ను అందులో కూర్చోబెట్టాడు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, అక్కడి గోడకు తగిలించిన గీతల టీవీ ముందు నిలబడి, "ఇందులో మనూరు యాడుంది?" అని అడిగి, నేను వేలు పెట్టి చూపించిన చోట చాలాసేపు చూశాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట గోడంతా తెరలే, తెరల నిండా గీతలే. పైవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే మా ఆఫీసు పిల్లలు వచ్చి, "మేడం, ఆ ఖాళీలు బాగాలేవు, తీసేద్దామా?" అని అడుగుతారు. ఉండనివ్వండి అంటాను. ఎందుకు మేడం అంటారు. అంత కథ వాళ్ళకేం చెప్పను? తెర మీద గీత తెగిన ప్రతిసారీ, పాట ఆగిపోయిన ఫోన్లు చేతిలో పట్టుకుని, నా కోసం కూలి మానుకుని, ఇంకా ఎవరినైనా పిలవాలా అని అడుగుతూ చర్చి ముందు నిలబడ్డ మా ఊరు నాకు కనబడుతుంది.