పెద్దాయన తొట్టెలో చెట్టుకప్ప

అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేయడం నా ఆఖరి పోస్టింగు. ఈ సంగతి నేను రిటైరవడానికి ముందటి ఏడు, జూలై నెలలో, ముసురు పట్టిన వారంలో జరిగింది.

అప్పటికే ప్రాక్టికల్స్‌లో కప్పల్ని కోయడం ఆపేశారు. ఆపమని ఉత్తర్వు వచ్చిన రోజున, కోతకు తెచ్చిన వాటిలో ఒక్కటి మిగిలిపోయింది. అరచేతిలో పట్టనంత బోదురుకప్ప. ల్యాబ్ అటెండర్ నూకరాజు గారు దాన్ని గాజుతొట్టెలో పెట్టి, వానపాములూ బొద్దింకలూ వేసి పెంచారు. పెద్దాయన అని పిలిచేవారు.

ఆ నెలలో గ్రేడింగు బృందం రావాల్సి ఉంది. అంటే బయటి యూనివర్సిటీల ప్రొఫెసర్లు వచ్చి, ల్యాబులూ రికార్డులూ చూసి కాలేజీకి గ్రేడు ఇస్తారు. ఏర్పాట్లు చూస్తూ ప్రిన్సిపాల్ గారు మా తొట్టె దగ్గర ఆగారు. స్టాఫ్ బాత్రూం గోడ మీద ఆయనకు ఒక చెట్టుకప్ప కనిపించిందట. దాన్ని కూడా ఇందులో వేయమన్నారు. రెండు రకాలుంటే జీవవైవిధ్యం కింద రాసుకోవచ్చన్నారు.

"వెయ్యకూడదండీ. ఇది దాన్ని మింగేస్తుంది," అన్నాను.

"మూడు రోజులకేగా మేడమ్. కడుపునిండా మేత పెట్టించండి."

బోదురుకప్పకు కదిలేది ఏదైనా, నోట్లో పట్టేదైతే మేతే. చెట్టుకప్పకు ఎక్కడానికి కొమ్మలు కావాలి. పైగా బయటి కప్ప ఒంటి మీద ఏ జబ్బుందో చూసి చెప్పలేం. నీళ్లు ఒకటైతే జబ్బూ రెంటికీ అంటుకుంటుంది. ఇదంతా ఆయనకు చెప్పాను. విని, నాకు రావాల్సిన డిపార్ట్‌మెంటు ఇన్‌ఛార్జి బాధ్యత ఫైలు ఇంకా తన బల్ల మీదే ఉందని గుర్తుచేసి వెళ్లిపోయారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నూకరాజు గారు. "నాలుగేళ్లబట్టి ఒంటరిగా ఉన్నాడండీ. తోడొస్తే మంచిదే కదండీ," అన్నారు.

మా అమ్మ రాజోలు వైపు ఊడ్పులకు వెళ్లేది. బోదురుకప్ప నోట్లోంచి చిన్న కప్ప కాళ్లు వేలాడడం ఆ చేలగట్ల మీద నేను ఎన్నోసార్లు చూశాను. ఆ మాటే చెప్పాను.

"అయ్యి వేరండీ. ఈయన మనం పెంచినోడు కదండీ."

మర్నాడు తొమ్మిదింటికి ల్యాబ్‌కి వెళ్లేసరికి చెట్టుకప్ప తొట్టెలో ఉంది. పైమూల గాజుకు అతుక్కుని, మూతకు ముక్కు ఆనించింది. కింద పెద్దాయన దానివైపే తిరిగి కూర్చున్నాడు.

"ప్రిన్సిపాల్ గారు చెప్పేరండీ, వేసేను," అన్నారు నూకరాజు గారు. "అప్పట్నుంచీ ఈయన చూపు తిప్పలేదండీ."

నేను మూత తీస్తుండగానే పెద్దాయన ఎగిరాడు. వేలెడు దూరంలో గురి తప్పి, నోరు గాజుకు కొట్టుకుంది. నూకరాజు గారే మూత అందుకుని పక్కన పెట్టారు.

పొడిచేత్తో పట్టుకుంటే కప్ప చర్మం దెబ్బతింటుంది. చేతులు తడుపుకుని చెట్టుకప్పను తీసి, వరండాలో ప్రిన్సిపాల్ గారి ఎదుట నుంచే నడిచి, వెనక అరటిచెట్ల మీద వదిలాను. ఎవరు తియ్యమన్నారని అడిగారు. ఎవరూ చెప్పలేదు, నేనే తీశానన్నాను.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. కాలేజీ ఆస్తిని అనుమతి లేకుండా తొలగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అదే రోజు రెండు వాక్యాలు రాసిచ్చాను. చెట్టుకప్ప స్టాక్ రిజిస్టరులో లేదు కనుక అది కాలేజీ ఆస్తి కాదు. మళ్లీ తెచ్చి వేస్తే మళ్లీ తీస్తాను. రెండో వాక్యం కొట్టేసి, క్షమించమని చేర్చమని సీనియర్ క్లర్కు బతిమాలారు. కొట్టేయలేదు, చేర్చలేదు.

నేను ప్రిన్సిపాల్ గారి మీద అరిచానని సాక్ష్యం రాయమని నూకరాజు గారిని పిలిపించారు. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం; ఏటా రెన్యువల్‌కు ప్రిన్సిపాల్ గారే సంతకం పెట్టాలి. "మేడమ్ గారు అరవలేదండీ. నేను రాయనండీ," అని చెప్పి వచ్చేశారు.

బృందం వచ్చింది. తొట్టె ముందు ఎవరూ ఆగనే లేదు. ఇన్‌ఛార్జి బాధ్యత నా జూనియర్‌కు ఇచ్చారు. నూకరాజు గారి రెన్యువల్ ఆలస్యంగానైనా వచ్చింది. మెమో నా సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది, దాన్ని తీసేయమని నేను ఎవర్నీ అడగలేదు.

ఒక జంతువు సంగతి తెలిసినవాళ్లు, పై అధికారి కాదన్నా, ప్రేమగా పెంచినవాళ్లు నొచ్చుకున్నా, తెలిసినట్టే నడుచుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. పెంపుడు కప్ప దగ్గర తోటలో దొరికిన చెట్టుకప్పను ఉంచవచ్చా అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు. ఉంచకండి అంటాను. కారణాలు అడిగితే చెబుతాను. అవి నచ్చకపోయినా నా జవాబు అదే.